అత్తగారి ఎడమ దవడ

వచ్చిన మంచి సంబంధాన్ని ఒక్క సకినంతో ముక్కలు చేసిన ఘనురాలిని నేను. నవ్వుకోండి, నాకేం. తప్పు నాదంటే మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.

ఎనభైల చివరి సంగతి. సిద్దిపేటలో డిగ్రీ చదువుతున్నాను, జంతుశాస్త్రం. నన్ను చూడ్డానికి వచ్చినవాళ్ళంతా "సదువు ఇగ చాలు" అన్నవాళ్ళే. ఈ అబ్బాయి ఒక్కడే "చదువుకోనీ" అన్నాడు. అందుకే ఈ సంబంధం పోకూడదని నాకు మహా ఆశ. పెళ్ళిచూపుల నాడు అమ్మ బియ్యప్పిండితో కరకరలాడే సకినాలు చేసింది, నేను మొహానికి ఇంత పౌడరు కొట్టుకున్నాను.

అబ్బాయి తల్లి నన్ను నడిపించి చూసింది, జడ విప్పించి చూసింది. చివరికి చేతిలో సకినం పెట్టింది.

"కొరుకు బిడ్డా. పండ్లు గట్టిగున్నయో లేవో చూస్త."

అంగట్లో ఎడ్లకు పళ్ళు చూసినట్టే! అయినా కొరికాను.

"ఏందమ్మా, దవడ గట్ల పక్కకు తిప్పుతున్నవ్? ఆడిపిల్ల దవడ కదలకుంట తినాలె."

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటికి మంచీ చెడూ ఎక్కడివి, పాఠం ఒక్కటే తెలుసు.

"అత్తమ్మా, అరటిపండుకైతే దవడ మీదికి కిందికి ఆడితే చాలు. సకినం గట్టిది గద, పక్కకు తిప్పి నూరాలె. మీరు తినుండ్రి, చూపిస్త."

ఆమె రోషంగా ఓ సకినం నోట్లో వేసుకుంది. నేను పరీక్షగా చూశాను.

"మీరు ఎడమ దిక్కే నములుతున్నరు. కుడి దిక్కు పన్ను పుచ్చిందా?"

నాయిన తల పట్టుకున్నాడు. అబ్బాయి కిసుక్కున నవ్వాడు. "నేను చెప్పలేదా అమ్మా, దవాఖానకు పోదాం పా అని!"

"లెవ్వురా! నా నోరు చూసే పిల్ల నాకొద్దు!"

వాళ్ళు పోయాక అమ్మ నా మీద పడింది. "పోయి మాఫీ అడుగు!"

"ఎందుకడగాలె? ఆమె నా పండ్లు చూడొచ్చు, నేను ఆమెవి చూడొద్దా?"

అన్నానే గానీ, చదువు ఆగిపోతుందని చాటుగా ఏడ్చాను.

కొన్ని రోజులకు ఆవిడే వచ్చింది, బుగ్గలో దూదితో.

"పన్ను పీకిచ్చుకున్న. ఇప్పుడు నిద్ర పడుతుంది. సంబంధం ఖాయం, సదువు నీ ఇష్టం. గాని నేను తినేటప్పుడు నా మూతి దిక్కు చూసినవో, చూడు మల్ల!"

దేవుడి పటం ముందు ఒట్టు వేశాను. ఇన్నేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు. అత్తగారు సకినం తింటుంటే గోడవైపు తిరిగి కూర్చుంటాను. చప్పుడు వింటే చాలు, ఏ దవడో చెప్పేస్తాను.