మార్చి గడి

1955 ఏప్రిల్‌లో నన్ను ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు బదిలీ చేసి ఒక వింత పని అప్పగించారు. నేనప్పుడు చెరువుల మరమ్మతులు చూసే కచేరీలో లెక్కల గుమాస్తాను. ఆ రెండు తాలూకాల్లో గడిచిన ఏడాది ఖర్చు ఏ నెలలో ఎంత పడిందో పట్టిక వేయాలి. సర్కారు ఏడాది ఏప్రిల్ ఒకటిన మొదలై మార్చి ముప్పై ఒకటిన ముగుస్తుంది. ఆలోగా ఖర్చు కాని సొమ్ము మురిగిపోతుంది, అంటే ఖజానాకు తిరిగి పోతుంది.

పన్నెండు గడులు గీశాను. చాలా గడులు దాదాపు ఖాళీ. మార్చి గడిలో మాత్రం అంకెలు పట్టక పక్కకు పాకాయి. ఇంకేముంది, ఏడాది చివర దొంగ బిల్లులు రాశారని నాకు నేనే తేల్చేసుకుని, ఇకమీదట ఖర్చును పన్నెండు నెలలకూ సమంగా పంచాలని చిత్తు నివేదిక రాశాను. సూపరింటెండెంటు భేష్ అన్నారు. అయినా మార్చిలోనే ఎందుకన్న ప్రశ్న నన్ను వదల్లేదు. ఎం-బుక్కు, అంటే పని కొలతల పుస్తకం, చంకన పెట్టుకుని దుత్తలూరు వైపు ఒక చెరువుకు బయలుదేరాను.

కట్ట కొలతలు పుస్తకంతో అచ్చంగా సరిపోయాయి. దొంగతనం లేదు. కానీ పని సగంలో ఆగింది, గండి అలాగే ఉంది. మంజూరు ఉత్తర్వు ఫిబ్రవరి చివర వచ్చిందట, మార్చి దాటగానే సొమ్ము మురిగిపోయిందట. మట్టి మోసే కూలీలకు పెద్దగా ఉన్న వెంగమ్మకు నా నివేదిక సంగతి చెబితే నవ్వింది.

"నెలకింత పనా? వానల్లో నీళ్లల్లో పొయ్యమంటావా అయ్యా మట్టి? చెరువెండినాక గదా పని! ఈ గండి పూడకపోతే ఈయేడు మడి లేదు, మాకు కూలి లేదు. మార్చి పోతే మట్టి చెడిపోద్దా ఏంది?"

నాకు నిజంగా సిగ్గేసింది.

చిత్తు చించేశాను. కొత్త పట్టికలో ఖర్చు కింద ఇంకో వరస గీసి, చెరువు ఏ నెలల్లో ఎండి ఉంటుందో చూపించాను. ఆగిన పనులకు వెంటనే సొమ్ము విడుదల చేయాలని రాశాను. నమూనాలో ఆ వరసకు చోటు లేదని సూపరింటెండెంటు ఎర్రసిరాతో కొట్టేశారు. పట్టికకు మాత్రం పైనుంచి మెప్పు వచ్చింది.

వెంటనే ఎందుకో చెప్పే వరస లేకపోవడంతో సొమ్ము అక్టోబరులో వచ్చింది, వానలతో పాటే. చేరిన నీరంతా గండిలోంచి పోయింది. ఆ ఏడు అక్కడ నాట్లు పడలేదు. వెంగమ్మ వాళ్లు కూలికి చేజర్ల వైపు వెళ్లిపోయారని తర్వాత తెలిసింది.

ఖర్చు పట్టిక సొమ్ము ఎప్పుడు చేతికందిందో చెబుతుంది. పని ఎప్పుడు కావాలో చెప్పదు. అది తెలియాలంటే కట్ట మీదికి పోవాలి, పోయి చూసినదాన్ని కొట్టేయనివ్వకుండా పోట్లాడాలి. నేను ఆ మొదటిది చేశాను, రెండోది చేయలేదు.