ఉదయగిరి బస్సులో టీచరమ్మ

టీచరు ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే నాకు మానేయాలనిపించింది. నిన్న చెప్పిన పాఠం పిల్లలకు ఇవాళ గుర్తుండేది కాదు. ఉదయగిరి నుంచి ఆత్మకూరు వెళ్లే బస్సులో పక్కన కూర్చున్న పెద్దావిడ కూడా టీచరేనని తెలిసి, ఆ బాధ చెప్పుకున్నాను.

"ఇన్నేళ్లు ఎట్టా చేసినారు మేడమ్? విసుగు రాలేదా?"

"రాకేంది? శానాసార్లు వచ్చినాది," అని నవ్విందావిడ.

అంతలో దారిలో ఒకామె బస్సెక్కి, టీచరమ్మను చూసి నమస్కారం పెట్టింది. కూర్చోబోతూ ఆగి, సీటు పైన రాసిన మాటను వేలితో చూపిస్తూ, "స... త..." అని కూడబలుక్కోసాగింది. నేను ఆ మాట అందించబోతే టీచరమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపింది. ఆమె బస్సు కుదుపులకు తూలుతూనే మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది.

"స్త్రీలు!" అని పెద్దగా చదివి, "మన సీటే!" అంటూ దర్జాగా కూర్చుంది.

టీచరమ్మ కళ్లు తుడుచుకుంది.

"ఆమె కూతురు నా క్లాసులో ఉండాది. బళ్లో నేను చెప్పింది ఇంటికి పోయి వాళ్లమ్మకి నేర్పిస్తా ఉండాది. ఇట్టాంటిది ఒకటి చూసినానంటే, విసుగు ఏడకి పోతాదో నాకే తెలవదమ్మాయ్."

ఆత్మకూరులో దిగాక ఆవిడకు థ్యాంక్స్ చెబుదామని వెనక్కి తిరిగితే, అప్పటికే జనంలో కలిసిపోయింది. పేరైనా అడగలేదు.

మర్నాడు బడికి వెళ్లాను. ఇప్పటికీ వెళుతూనే ఉన్నాను.