వరసలో ముందు ఎవరు నడవాలి

ఈ ఉదయం గోడ పట్టుకుని వంటింటిదాకా వెళ్ళేసరికి, ఇవాళ ఏదో ఒకటి తేల్చి చెప్పాలన్న సంగతి నాకన్నా ముందు నా మోకాళ్ళకే గుర్తొచ్చింది. మా చెల్లెలి కూతురు ఇక్కడే అరకులో ఒక రిసార్టులో పనిచేస్తూ, పొద్దుటిపూట మా చర్చి వెనక హాల్లో ఆడవాళ్ళకు వ్యాయామం క్లాసు నడుపుతోంది. ఓ వారం వచ్చి చూసి, నచ్చితేనే చేరమంది. వారం నిన్నటితో అయిపోయింది. డాక్టరుగారు మాత్రం నచ్చడం, నచ్చకపోవడం జోలికి పోకుండా, కదలకుండా కూర్చుంటే ముందు కర్ర, తరవాత మంచం అని మెల్లగా చెప్పేశారు. ఒంటరిగా నేను కదలనని నాకు తెలుసు. రేపటినుంచి మొదలుపెడదామనుకుంటూ దుప్పటి పైకి లాక్కునే రకాన్ని. అందుకని, నర్సుగా పనిచేసినన్నాళ్ళూ గ్రూపు అంటే బ్లడ్ గ్రూపు తప్ప ఎరగని దాన్ని, ఈ వయసులో ఒక గ్రూపులో పడ్డాను.

పడటం అంటే ముందు వరసలోనే పడ్డాను. ఆ తప్పు నాది కాదు, నా అలవాటుది.

కొత్తగా ఉద్యోగంలో చేరి, కింద పల్లపు ఊరినుంచి ఈ కొండలెక్కినప్పుడు, బస్సు దిగిన దగ్గరనుంచి పల్లెలకు కాలిబాటే గతి. భుజాన టీకాల పెట్టె వేసుకుని, సంతనుంచి ఇళ్ళకు మళ్ళే ఆడవాళ్ళ వెంట పడేదాన్ని. ఒకరి వెనక ఒకరుగా తప్ప నడవలేని సన్నని దారి. వాళ్ళ నెత్తిన ఉప్పు, కిరసనాయిలు, ఎండుచేపలు. నా నెత్తిన ఏమీ లేకపోయినా అందరికన్నా ఎక్కువ రొప్పు. అడ్డం కాకూడదని మర్యాదగా వెనక చేరితే, వాళ్ళలో పెద్దావిడ ఒకామె వెనక్కొచ్చి చెయ్యి పట్టుకుని, "ముందుకి నడు సిస్టరమ్మా" అంటూ నన్ను వరస మొదట్లో నిలబెట్టింది. ఆ రోజునుంచి ప్రతి సంతకూ అదే. సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడు, అక్కడ నర్సంటే ఎంత గౌరవమో, నన్ను ముందు పెట్టుకునిగానీ అడుగు వెయ్యరని మా అమ్మ ముందు బోలెడు గొప్పలు పోయాను.

ఒక వానాకాలం నిండు చూలాలొకామె మాతో కలిసింది. పెద్దావిడ ఆమెను మొదట నిలబెట్టి, నన్ను రెండోస్థానానికి జరిపింది. పదవి ఊడిన మొహంతో కారణం అడిగితే, వరసంతా ఆగిపోయి మరీ నవ్వారు.

"నీకన్నా మెల్లిగా నడిసే మనిసి దొరికింది కదా మరి!" అంది పెద్దావిడ. "నువ్వు ఎనకుంటే మా ఊసుల్లో పడి నిన్ను ఇడిసేసి ఎలిపోతాం. ముందుంటే ఎలాగెల్తాం సిస్టరమ్మా?"

ఇన్నాళ్ళూ నేను ఊరేగింపు అనుకున్నది నా ఆయాసానికి వాళ్ళు కట్టిన కావలి అన్నమాట. సిగ్గుపడ్డాను గానీ, ఆ తరవాత ఎంత ఎత్తు ఎక్కాల్సి వచ్చినా భయపడలేదు. నా అడుగు ఎంతయితే అందరి అడుగూ అంతే.

ఆ అలవాటుకొద్దీ క్లాసు మొదటిరోజున హాల్లో నేరుగా ముందుకెళ్ళి నిలబడ్డాను. వెనకున్న వాళ్ళు, ముందు నిలబడింది కాబట్టి ఈవిడకు అన్నీ వచ్చనుకుని నన్నే చూసి చెయ్యడం మొదలుపెట్టారు. కుడిచెయ్యి ఎత్తమంటే నేను ఎడమ ఎత్తాను, హాలంతా ఎడమ ఎత్తింది. నేను నడుం పట్టుకుని ఆగితే, అదీ వ్యాయామమే అనుకుని అందరూ నడుములు పట్టుకున్నారు.

"ఏటి పెద్దమ్మా ఇది, క్లాసంతా సెడగొట్టీసినావు! వెనక్కెళ్ళి నిలబడు" అంది పిల్ల, నవ్వు ఆపుకోలేక.

వెనక నిలబడితే గాని తెలియలేదు, వెనకబడటమంటే ఏమిటో. స్పీకరులో పాటకు నా సంగతేం తెలుసు? నేను ఒక కాలు ఎత్తేలోపు వాళ్ళు రెండోది దించేసేవారు. పిల్ల మంచిది, మూల కుర్చీ వేసి కూర్చుని చెయ్యమంది. పెళ్ళిలో పెద్ద ముత్తయిదువలా అందులో కూర్చుని చేతులూపాను. వయసులో ఉన్నవాళ్ళకు ఆ హాలు మహా బాగుంది. చెమటలు కారుతూ నవ్వుకుంటూ ఇళ్ళకెళ్తారు. నాకు మాత్రం అంతమందిలో ఉండీ ఒక్కదాన్నే ఉన్నట్టుండేది. తోడుగా గోడకు ఆనుకుని మా ఎదురింటి వదినగారు. ఆవిడ నాకన్నా మెల్లి.

ఇవాళ పిల్లకు చెప్పేశాను, ఈ క్లాసు నాకు సరిపడదని. దాని మొహం చిన్నబోయింది.

"మరైతే ఇంట్లో కూకుంటావేటి?"

వదినగారితో కలిసి రోజూ నడుస్తానన్నాను.

"మీ ఇద్దరూనా! నడుత్తారో, ఏ గట్టుమీదో కూకుని కబుర్లాడుతారో!"

కాఫీ తాగి ఇద్దరం బయల్దేరాం. ఇప్పుడు కొండమీది ఊళ్ళకూ రోడ్డుంది. సంతకెళ్ళే ఆడవాళ్ళు కిక్కిరిసిన ఆటోలోంచి చెయ్యి ఊపి, చెయ్యి దించేలోపు మలుపు తిరిగిపోయారు. మంచిదే, చూలాళ్ళు ఇక ఆ దార్లు ఎక్కనక్కర్లేదు, అందుకు సంతోషించని నర్సు ఉండదు. కాకపోతే మెల్లిగా నడిచేవాళ్ళను ముందు పెట్టుకుని నడిచే పని కూడా ఎవరికీ లేకుండా పోయింది.

టూరిస్టుల కార్లకు జడిసి రోడ్డు వారనే ఒకరి వెనక ఒకరం నడవాల్సి వచ్చింది. వదినగారు మర్యాదగా వెనక చేరబోతే, చెయ్యి పట్టుకుని ముందుకు తెచ్చి నిలబెట్టాను. "నాకెందుకండీ ఇంత గౌరవం!" అని ఆవిడ ముడుచుకుపోయింది. ఎందుకో చెప్పలేదు.

ఆవిడ అడుగెంతో నా అడుగూ అంత. కాసేపటికి, పాత అలవాటున, వెనక మాటలు వినిపిస్తాయేమోనని చెవి ఒగ్గాను. రోడ్డు ఖాళీగా ఉంది. ఈ వరసకు చివరిదాన్ని నేనే.