వాగు దాటేదాకా

మాచర్ల నుంచి గురజాల వెళ్లే బస్సులో నా పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది. ఏం పని చేస్తావని అడిగితే, యూనివర్సిటీలో విపత్తుల నిర్వహణ పాఠాలు చెబుతానన్నాను.

“అంటే ఏందమ్మా?”

“వరదలొస్తే మనుషుల్ని ఎలా కాపాడాలో, కొట్టుకుపోయినవాళ్లను ఎలా వెతకాలో నేర్పుతామండీ.”

పోయినేడు వానల్లో తన కొడుకు బండితో సహా వాగులో కొట్టుకుపోయాడనీ, బండి దొరికింది గానీ మనిషి దొరకలేదనీ ఆవిడ చెప్పింది.

“ఆఫీసర్లు చానా వెతికారు తల్లీ. ఇంక ఆపేస్తున్నామన్నారు. మరి నన్నెప్పుడు ఆపమంటావు?”

వెతుకులాట ఎప్పుడు ఆపాలో నేను ఏటా తరగతిలో చెప్పేదే. ఆవిణ్ని మాత్రం, అది ఏ వాగని అడిగాను.

ఆ వాగు మీది వంతెన రాగానే ఆవిడ లేచి, అవతలి ఒడ్డు వచ్చేదాకా కిటికీలోంచి నీళ్లకేసి చూస్తూ నిలబడింది. అప్పటినుంచి ఏ వాగు దాటినా నేనూ చూస్తున్నాను.