ఏలూరు వంటాయన పేరు

వందేళ్ళ క్రితం ఒక ఇంగ్లీషు దొర ఉత్తర హిందుస్థానమంతా తిరిగి రాసుకున్న ప్రయాణ పుస్తకం పాత పుస్తకాల షాపులో దొరికింది. కాశీ, ఆగ్రా, ఆపైన హిమాలయాలు. కొండల్లో ఒక బంగళాలో దొర జ్వరంతో పడిపోతే కూలీలంతా వెళ్ళిపోయారట. 'ఏలూరు వంటవాడు' ఒక్కడే ఉండి, గంజి పట్టి బతికించాడట. ఆ మనిషి గురించి ఇంకేమీ లేదు. ఆయనెవరో తెలుసుకోవాలనిపించింది. 2004 డిసెంబరులో కాశీకి వెళ్దామనుకున్నవాణ్ణి ఏలూరు రైలెక్కాను.

పొద్దున్నే దిగి, ఆటోలో తివాచీలు నేసేవాళ్ళ వీధికి వెళ్ళాను. పాత సంగతులు అక్కడి పెద్దవాళ్ళకే తెలుస్తాయని ఆటో అబ్బాయి చెప్పాడు. మగ్గం ముందు కూర్చున్న పెద్దాయన నా మాట పూర్తికానివ్వలేదు.

"దొరతో వెళ్ళిన వంటాయనాండీ? మా వీధి మస్తాన్ గారేనండి. తిరిగొచ్చాక ఇక్కడే మగ్గం నేశారంట. ఆయన మనవరాలు ఖాసింబీ గారు కైకలూరులో ఉంటారండి."

కైకలూరుకి బస్సులో గంటన్నర, టిక్కెట్టు ఇరవై రూపాయల లోపే. కొల్లేరు చూద్దామని కిటికీ పక్కన కూర్చున్నాను గానీ, దారి పొడవునా చేపల చెరువుల గట్లే కనిపించాయి.

ఖాసింబీ గారికి డెబ్బై దాటాయి. కొడుకు ఐసు దుకాణం వెనకే ఇల్లు. టీ ఇచ్చి, నెమ్మదిగా చెప్పారు.

"తాత కొండల్లో ఉండగా ఇక్కడ మా నాయనమ్మకి జబ్బుగా ఉందని కబురొచ్చిందండి. బయల్దేరదామనుకునేసరికి దొర మంచాన పడ్డాడు. ఒంటరి మనిషిని వదిలేసి ఎలా వస్తారండీ? దొర లేచాకే వచ్చారు. అప్పటికి ఆవిణ్ణి మట్టి చేసేశారు. మా నాన్న పాలుతాగే పిల్లాడండి."

"తర్వాత మళ్ళీ దొరల దగ్గర చేశారా అండీ?"

"లేదండి. ఇంట్లో ఎవరైనా గంజి కాస్తే మాత్రం లేచి బయటికి వెళ్ళిపోయేవారు." పుస్తకం ఉన్న నా సంచి వైపు చూశారు. "దొర పుస్తకంలో తన పేరుంటుందని తాత అంటుండేవారు. ఎలా రాశారండీ?"

అబద్ధం చెప్పలేకపోయాను. "పేరు రాయలేదండి. ఏలూరు వంటవాడు అని ఉంది."

"నాయనమ్మ సంగతి?"

"లేదండి."

ఆవిడ ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళారు. చాలాసేపు బయటికి రాలేదు.

మీరు ఈ దారిన వెళ్తే మధ్యాహ్నమే తిరుగు బస్సు ఎక్కండి. సాయంత్రమైతే చేపల లారీలతో రోడ్డు నిండిపోతుంది. నేను ఆ లారీల మధ్యే చిక్కుకుపోయి, ఆవిడ ముఖమే తలచుకుంటూ కూర్చున్నాను. ఎక్కడో ఒక పుస్తకంలో తాత పేరుందన్న నమ్మకంతో ఆ ఇంట్లో మూడు తరాలు బతికాయి. అది లేదని చెప్పడానికి నేను అంతదూరం వెళ్ళాను.