ఎస్తేరమ్మ బండెక్కిన ఎండాకాలం

మా అమ్మమ్మ ఎస్తేరమ్మకు ఒక్కటే కోరిక ఉండేది. బండి మీద కూర్చుని పోయి తన బిడ్డ ఇంటి ముందు దిగాలి. ఇదీ ఒక కోరికేనా అని మీకనిపించవచ్చు. అలా అనిపించేవాళ్లంతా బండ్లున్న ఇళ్లలో పుట్టినవాళ్లు.

ఆ బిడ్డ మా అమ్మ శాంతమ్మ. అమ్మమ్మ వాళ్లది పెద్దమందడి దగ్గర ఊరు. ఎర్ర చెలకలు, రాళ్లు, వానొస్తే పంట, రాకపోతే పస్తు. అమ్మను ఇచ్చింది మాత్రం కృష్ణకు అవతల, మానవపాడు దాటాక రెండు కోసుల దూరంలో ఉన్న నల్లరేగడి ఊరికి. పెళ్లయి భర్త వెంట నాలుగు రోజులు నడిచి పోయిన పిల్ల ఆరేళ్లయినా తల్లి మొహం చూడలేదు. మొదటి కాన్పుకు పుట్టింటికి తెచ్చుకోవడం రివాజు. సరిగ్గా ఆ ఏడే అమ్మమ్మ పటేలు బావి గట్టు మీద నుంచి జారిపడి మోకాలు విరగ్గొట్టుకుంది. అతికిందని అన్నారు గానీ, చర్చి దాకా నడిచివస్తే మూడు రోజులు ఆ మోకాలు వాచిపోయి ఉండేది.

అవతల, తల్లి వచ్చి పిలిస్తే తప్ప కోడల్ని పుట్టింటికి పంపనన్న మా నాయనమ్మ తిమ్మమ్మ నోరు మంచిది కాదు. సొంత నాయనమ్మ కదా అని నేనేమీ దాచను.

"మీ అవ్వకు బిడ్డ యాదికే రాదా ఏంది? కాన్పుకు రాకపాయె, పిల్లకు పేరు వెట్టంగ రాకపాయె. కాళ్లు లేవా ఆమెకు?" అని అమ్మను రోజూ పొడిచేది. మా వైపు అవ్వంటే అమ్మ.

అమ్మ చాటుగా ఏడ్చుకునేది. అటువైపు కూలికి పోయేవాళ్లు కనబడితే కబురు పంపేది. "అవ్వను ఒక్కపారి రమ్మని చెప్పున్రి. నడువస్తలేదంటే బండి గట్టుకోని రమ్మనున్రి."

ఆ కబురు అందినప్పుడల్లా అమ్మమ్మ రెండు రోజులు అన్నం సరిగ్గా తినేది కాదట. బిడ్డ మీద బెంగ ఒకవైపు, వియ్యపురాలి మాట ఒకవైపు. కలలో కూడా బండి చక్రాల చప్పుడు వినబడేదని తర్వాత నాతో చెప్పింది.

బండి కట్టుకుని రమ్మని ఆ పిల్ల తేలిగ్గా అనేసింది. మా వాళ్లకు బండి ఎక్కడిది? తాత యేసయ్య ఇరవై ఏళ్లు పటేలు దగ్గర జీతం చేశాడు. ఆముదాల బస్తాలు వేసుకుని వనపర్తికి, కొత్తకోటకు వందసార్లు బండి తోలాడు. బస్తాలుంటే ఆయన బండెక్కవచ్చు. పెళ్లాంపిల్లలను ఎక్కించుకుని ఊరి నడుమ నుంచి పోతే మాత్రం ఊరు ఒప్పుకోదు. మేము అంటరానివాళ్లం. యేసును నమ్ముకున్నా, మిషన్ దొరసాని మా ఇంట్లో చాప మీద కూర్చుని పోయినా, ఊరి లెక్కలో అంటరానివాళ్లమే. పెద్దకులాల బండి ఎదురొస్తే పక్కకు తప్పుకుని నిలబడాల్సినవాళ్లు బండెక్కి కూర్చోవడమా?

రైలుంది కదా అంటారేమో. ఉంది. రైల్లో ఎవరి పక్కన ఎవరైనా కూర్చోవచ్చని తాత విన్నాడు కూడా. కానీ తాత, అమ్మమ్మ, మామ వెంకటన్న, అత్త, వాళ్ల ఇద్దరు పిల్లలు, ఇందరికి టికెట్లు కొనడం ఆ జన్మలో అయ్యే పని కాదు. అమ్మమ్మను ఒక్కదాన్నే పంపుతామంటే ఆమె వినలేదు.

"పోతే అందరం పోవాలె. పదేను దినాలు ఉండాలె. నాకు ఎవ్వరూ లేరనుకుంటుంది ఆ తిమ్మమ్మ" అంది.

ఆ వేసవిలో తాత బండి కోసం తిరగడం మొదలుపెట్టాడు. ముందు పటేలునే అడిగాడు. "యేసిగా, మీరు బండెక్కితే నా ఎద్దులు ఏడికి పోవాలెరా?" అని పటేలు నవ్వాడట. అరుగు మీద ఉన్నవాళ్లు కూడా నవ్వారు. ఇరవై ఏళ్లు ఆ ఎద్దులకు నీళ్లు పెట్టిన మనిషి తలొంచుకుని వచ్చేశాడు. కొత్తకోటలో కిరాయి బండి తోలే ఒకాయన కులం సంగతి పట్టించుకోలేదు గానీ, అక్కడ బండి ఆగి ఉన్న పదిహేను రోజులకు కూడా కిరాయి కట్టాలన్నాడు. తాత ఆయనకు దండం పెట్టి, వచ్చిన దారినే నడిచి వచ్చాడు.

చివరికి దారి చూపింది బోయ ఈరన్న. ఆయనకు ఒక బండి, ఒక జత ఎద్దులు, నీళ్లు అడుగంటిన ఒక బావి ఉన్నాయి. ఆ ఏడు మేత లేక ఎద్దుల డొక్కలు లోపలికి పోయాయి.

"యేసన్నా, మా చెల్లె లలితమ్మను మానవపాడుల ఇచ్చినం గద. వాళ్లకాడ చొప్ప వాములు ఉన్నయ్. ఎద్దులను గాడికి తోలుకపో. పదేను దినాలు కడుపునిండ తింటయ్. వచ్చేటప్పుడు బండి నిండ చొప్ప ఏస్కరా. కిరాయి గిరాయి ఏం వద్దు. నా బాయిల పూడిక తీయున్రి, చాలు" అన్నాడు ఈరన్న.

తాత దండం పెట్టబోయాడు. అంతలో ఈరన్న గొంతు తగ్గించాడు.

"ఒక్కటే మాట. ఖాళీ బండ్ల మీరు కూసోని పోతే రేపు ఊరంత నన్ను నిలదీస్తది. మా చెల్లెకు నాలుగు మూటల పల్లి బుడ్డలు పంపుత. మూటలు పోతున్నయ్, మీరు మూటల ఎంబడి పోతున్నరు. సమజైందా?"

సమజు కాకపోవడానికి ఏముంది? తాత, మామ ఎనిమిది రోజులు ఆ బావిలో దిగి బురద తోడారు. అత్త తట్టలు మోసింది. అమ్మమ్మ ఇంట్లో కూర్చుని పేలాలు వేయించి పిండి విసిరింది. ఉన్న రెండు చీరల్లో మంచిదాన్ని ఉతికి, చిరుగు కుట్టి, మడిచి దిండు కింద పెట్టుకుంది. ఆ చీర దారిలో కట్టుకోవద్దు, బిడ్డ ఊరు వచ్చినప్పుడే కట్టుకోవాలని అత్తకు పదిసార్లు చెప్పింది, కట్టుకునేది తానే అయినా.

బయలుదేరిన రోజు తాత అమ్మమ్మను రెండు చేతులా ఎత్తి మూటల మీద కూర్చోబెట్టాడు. బండి కదిలి చెలకల మధ్యకు వచ్చాక, "ఏమయ్యా, గింత ఎత్తుల నుంచి సూస్తే మన ఊరు సక్కగనే ఉంది గద" అంది. యాభై ఏళ్లు ఆ ఊళ్లో ఉన్న మనిషి దాన్ని అంత ఎత్తు నుంచి చూడడం అదే మొదలు.

దారి పొడుగునా ఊళ్లు వచ్చాయి. ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒకరు బండికేసి చూసి, "ఎవ్వరియిరా మూటలు?" అని అడిగేవారు. "బోయ ఈరన్నయి. మానవపాడు పోతున్నయ్" అనేవాడు తాత. అంతే, ఇంకేమీ అడిగేవారు కాదు. మూటలు ఎవరివో అడిగినవాళ్లు మనుషులు ఎవరో అడగలేదు. ఆ నాలుగు రోజులూ బండ్లో పెద్దమనుషులు మూటలే. ఊరు దాటగానే అమ్మమ్మ మూటను చేత్తో తట్టి, "నీ పుణ్యాన బతికినం తల్లీ" అనేది. పిల్లలు పడీపడీ నవ్వేవారు.

కృష్ణ దగ్గరికి వచ్చేసరికి నీళ్లు తగ్గి, ఎద్దులు దాటే రేవు తేలి ఉంది. నడిమధ్యలో తాత బండి ఆపి ఎద్దులను నీళ్లు తాగనిచ్చాడు. అమ్మమ్మ అవతలి గట్టునే చూస్తూ ఉంది. బిడ్డ ఆ గట్టు దాటి వెళ్లేటప్పుడు ఏడ్చి ఉంటుందా, అప్పుడు ఎవరైనా ఓదార్చారా అని తాతను అడిగింది. ఆయనకేం తెలుసు? "తెల్వదు" అన్నాడు.

మానవపాడులో లలితమ్మ మూటలు దింపించుకుని, ఎద్దులకు చొప్ప వేసింది. ఎస్తేరమ్మను దింపి రాత్రికల్లా ఎద్దులను తెచ్చి కట్టేయమని చెప్పి, తాతకు బండి ఇచ్చి పంపింది. ఇక మిగిలింది రెండు కోసులు. అమ్మమ్మ ఒక తుమ్మచెట్టు చాటున ఆ మంచి చీర కట్టుకుంది. అత్త తల దువ్వింది. ఎవరూ బెంగపడలేదు. బిడ్డ ఊళ్లో మా వాడ ఊరికి ఇవతలే ఉంటుందని, ఊళ్లోకి పోయే పని లేదని అందరూ అనుకున్నారు. ఆ ఊరి నుంచి వచ్చినవాళ్లంతా అట్లాగే చెప్పారు.

వాళ్లు చెప్పింది అబద్ధం కాదు. కానీ చెప్పినవాళ్లంతా నడిచేవాళ్లు. మా వాళ్లకు తెలిసిన దారులన్నీ కాలిబాటలే. ఊరు ఎదురుగా కనబడేసరికి కాలిబాట ఒర్రెలోకి దిగి, అవతల గట్టెక్కి, నేరుగా వాడలోకి పోయింది. ఆ ఒర్రెలో మేకలు దిగుతాయి, మనుషులు దిగుతారు, బండి దిగదు. బండిబాట మాత్రం పక్కకు తిరిగి, ఊరి చావడి ముందు నుంచి, పెద్దపెద్ద ఇళ్ల నడుమ నుంచి పోయి వాడకు చేరుతుంది. ఇప్పుడు చూస్తే బండ్లో ఒక్క మూట లేదు.

"అవ్వా, నేను ఎత్తుకోని ఒర్రె దాటిస్త" అన్నాడు మామ.

"చంటిపిల్ల లెక్క ఎత్తుకపోతవా? తిమ్మమ్మ సూసి ఏమంటది? వద్దు."

తాత చాలాసేపు ఎద్దుల మెడ నిమురుతూ నిలబడ్డాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "జరమొచ్చినోళ్లను ఎవ్వరూ ఆపరు. నువ్వు పండుకో. గొంగడి కప్పుత. దవాఖాన నుంచి తెస్తున్నమని చెప్త."

అమ్మమ్మ ఆయన్ను కొట్టేట్టు చూసింది. "ఆరేండ్ల సంది కండ్లు కాయలు కాసినయ్. బాయిల బురద తోడితిరి. నాలుగు దినాలు వస్తిమి. పీనుగ లెక్క పండుకోని పోవుటానికా ఇదంత?"

"మరి దిగి నడుస్తవా?"

ఆమె మోకాలి వైపు చూసుకుంది. అటువైపు ఊరి వైపు చూసింది. ఆ ఊళ్లోనే ఎక్కడో తన బిడ్డ రొట్టె చేస్తూనో, నీళ్లు తెస్తూనో ఉంటుంది. మూటలు దింపాక లలితమ్మ బండ్లో వేయించిన వరిగడ్డిని అత్త సర్దింది. అమ్మమ్మ మంచి చీర నలగకుండా ఒక పక్కకు ఒరిగి పడుకుంది. తాత మెడ దాకా గొంగడి కప్పాడు. ఆ ఎండలో గొంగడి! మిగిలినవాళ్లు చెప్పులు చేతబట్టుకుని బండి వెనుక నడిచారు.

చావడి దగ్గర ఒక ముసలాయన లేచి నిలబడ్డాడు. "ఎవ్వర్రా బండ్ల?"

"మా ఇంటామె అయ్యా. జరం. బిడ్డ దగ్గరికి తీస్కపోతున్న."

"అట్లనా? పాపం. పో, పో, జల్ది పో" అన్నాడాయన. కూర్చున్నవాళ్లతో బండికి దారి ఇప్పించాడు కూడా. జబ్బు మనిషంటే ఆయనకు జాలి ఉంది. లేచి కూర్చున్న మనిషి మీద ఆ జాలి ఉండేదా అని ఇన్నేళ్లూ నేను అడుగుతూనే ఉన్నాను. జవాబు నాకు తెలుసు గనుకే నా కోపం ఇంకా చల్లారలేదు. గొంగడి కింద అమ్మమ్మ కళ్లు మూసుకుని ఉందట. ఏడుస్తున్నదో చెమట కారుతున్నదో తెలియలేదన్నాడు తాత.

వాడ బావి దగ్గర నీళ్లు తోడుతున్న ఆడవాళ్లు బండిని చూశారు. అమ్మ పెళ్లిలో తాతను చూసిన హన్మమ్మ అనే ఆమె ఆయన్ను గుర్తుపట్టి, కడవ పెట్టేసి వాడలోకి పరిగెత్తింది. "శాంతమ్మా, మీ అవ్వను బండ్ల పండవెట్టి తెచ్చిన్రే!"

మా అమ్మ నన్ను చంకలో వేసుకుని వచ్చిందట. వాడ మొదట్లో తాత ఎద్దులను తోలడం, వెనుక అన్న చెప్పులు చేతబట్టుకుని నడవడం, గొంగడి కింద మనిషి చూసింది. ఇంకేం ఆలోచిస్తుంది? నన్ను ఎవరి చేతికో ఇచ్చి, రొమ్ము గుద్దుకుంటూ, "అవ్వా, ఒక్కపారి రమ్మంటే గిట్ల వస్తివా అవ్వా" అని బండి మీద పడింది. వాడంతా చేరింది. మా నాయనమ్మ తిమ్మమ్మ కూడా నోట్లో కొంగు కుక్కుకుని వచ్చి నిలబడింది.

అప్పుడు గొంగడి కదిలింది. అమ్మమ్మ దాన్ని అవతలకు తోసి, బండి పలకల మీద చేతులు ఆనించి లేచి కూర్చుంది. కొంగు సర్దుకుంది. నేరుగా తిమ్మమ్మ వైపు చూసింది. ఆ తర్వాతే బిడ్డ తల మీద చెయ్యి వేసింది.

"నాకేమైందని ఏడుస్తున్నవ్ బిడ్డా? మా ఊరి సంది బండి మీద కూసోనే వచ్చిన. ఎండకు కన్నంటుకుంటే జర గిప్పుడే ఒరిగిన" అంది.

అమ్మ తలెత్తింది. ఆరేళ్ల తర్వాత తల్లి మొహం చూసింది. ఆ ఎడమ చెంప నిండా వరిగడ్డి అచ్చులు ఎర్రగా, లోతుగా దిగి ఉన్నాయి. కన్నంటిన జరసేపట్లో పడే అచ్చులు కావవి. అమ్మ తన కొంగుతో ఆ చెంప తుడిచింది. తుడిస్తే పోయేవి కావని తెలిసి కూడా తుడిచింది. తర్వాత తిమ్మమ్మ వైపు తిరిగి, వాడంతా వినేట్టు గట్టిగా చెప్పింది.

"అవునత్తా, నేను ఊరి మలుపుకాడనే సూసిన. మా అవ్వ బండి మీద కూసోనే వచ్చింది."