పిల్లి ఎదురు, గుక్కెడు నీళ్ళు

జంతువులకు మా ఇంట్లో చోటు లేదన్నది పెళ్ళయిన కొత్తలోనే నేను విధించిన నియమం. జీడిమెట్లలోని ఒక మందుల కర్మాగారంలో, నాణ్యతా పరీక్షల విభాగంలో నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. ఒక్క వెంట్రుక కనిపించినా తయారైన సరుకు మొత్తాన్ని పక్కన పెట్టించవలసిన పని అది. ఆ అలవాటు నాతోపాటు ఇంటికి వచ్చింది, పదవీ విరమణ తరువాత కూడా పోలేదు.

నా భార్యకు మూత్రపిండాలు చెడిపోయాక ఆ అలవాటుకు మళ్ళీ పని దొరికింది. వారానికి మూడుసార్లు శామీర్‌పేట నుండి మేడ్చల్‌కు డయాలసిస్ కోసం తీసుకువెళ్ళాలి. రోజు మొత్తం మీద ఆమె ఎన్ని నీళ్ళు తాగవచ్చునో వైద్యులు నిర్ణయించారు. గీతలున్న గాజు కొలపాత్రతో ఉదయమే ఆ నీళ్ళు కొలిచి సీసాలో పోసేవాణ్ణి. సీసా ఖాళీ అయితే ఆ రోజుకు అంతే. మధ్యాహ్నం వేళ ఆమె ఇంకొన్ని అడిగేది. ఎక్కువైన నీరు ఒంట్లోనే నిలిచి, ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం తెస్తుందని వివరించేవాణ్ణి. చివరివరకు విని, తడిగుడ్డతో పెదవులు తుడుచుకునేది.

వానలు మొదలయ్యేసరికి అడగడం మానేసింది. ఒకనాడు బీరకాయ చెక్కు తీస్తూ, తల ఎత్తకుండానే చెప్పింది.

"ఇగ చాలు. మేడ్చల్‌కు నేను రాను. నన్ను గిట్లనే ఇడిసిపెట్టుండ్రి."

మానేస్తే మనిషి ఎన్నాళ్ళో ఉండదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. మర్నాడు బతిమాలి ఆటో ఎక్కించాను. ఇదే ఆఖరు అన్నది.

తిరిగి వచ్చేటప్పుడు వాన జోరుగా ఉంది. మమ్మల్ని ఎప్పుడూ తీసుకువెళ్ళే ఆటో అతను, శామీర్‌పేటలోనే పుట్టి పెరిగిన ముస్లిం, ఉన్నట్టుండి బండి పక్కకు ఆపి దిగాడు. చెయ్యి అడ్డం పెట్టి లారీలను ఆపుతూ రోడ్డు నడుమకు పోయి, జేబురుమాలులో ఏదో చుట్టి తెచ్చాడు. బురదలో తడిసి ముద్దయిన పిల్లిపిల్ల. అరవడానికి నోరు తెరుస్తున్నది కాని శబ్దం రావడం లేదు.

"మా ఇంట్ల కోడిపిల్లలున్నయి సాబ్, లేకుంటే నేనే తీస్కపోతుంటి," అన్నాడు.

ఏదైనా దుకాణం అరుగు మీద వదిలిపెట్టమన్నాను. నా మాట పూర్తి కాకముందే నా భార్య చేతులు చాచింది. డయాలసిస్ అయిన రోజు తల నిలబెట్టలేని మనిషి, దాన్ని ఒళ్ళోకి తీసుకుని కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. సూదులు గుచ్చే చేతికి దాని గోరు తగిలితే ఏమవుతుందో ఆలోచించావా అని అడిగాను. ఆమె దాని చెవుల్లోని బురద తుడుస్తూ పోయింది. ఆటో అతను అద్దంలోంచి నన్ను చూసి నవ్వాడు.

"అమ్మ ఒళ్ళె పండుకున్నది సాబ్. ఇగ మీ మాట నడ్వది."

నేను నియమాలు పెట్టాను. పిల్లి వెనక గదిలోనే ఉండాలి. దాని గిన్నె వేరుగా ఉండాలి. పశువైద్యుడు సూది వేసేవరకు ఆమె మంచం దరిదాపులకు రాకూడదు. పిల్లి వీటిలో ఒక్కటీ పాటించలేదు. నేరుగా పోయి ఆమె ఎడమ చేతి పక్కనే పడుకునేది. డయాలసిస్ కోసం ఆ చేతిలో రక్తనాళాలను కలిపి కుట్టారు. అక్కడ వేలు ఆనిస్తే చర్మం కింద సన్నగా గరగరమని తగులుతుంది.

"దీని కడుపుల గూడ గట్లనే అంటాంది," అన్నది ఒకసారి. "ఇద్దరం ఒక్క తీరే మోగుతున్నం."

పిల్లి గిన్నెలోని నీళ్ళకు కొలత లేదు. అది తాగుతున్నంతసేపూ ఆమె కళ్ళు తిప్పకుండా చూసేది. గిన్నెను వెనక గదిలోకి మార్చాను. ఆమె కుర్చీని ఆ గది కనిపించేచోటికి జరిపించుకున్నది.

మళ్ళీ మేడ్చల్ పోవలసిన ఉదయం వచ్చింది. రానంటుందన్న భయంతోనే సంచీ సర్దాను. ఆమె ఒక కాలికి చెప్పు వేసుకుని గడప దగ్గర నిలబడిపోయింది. అంతలో పిల్లిపిల్ల ఆమె ముందునుండి అడ్డంగా పరుగెత్తింది. ఆమె వెనక్కి తిరిగి వచ్చి కుర్చీలో కూర్చున్నది.

"పిల్లి ఎదురొచ్చింది. నీళ్ళు తాగి పోవాలె."

బయలుదేరేటప్పుడు పిల్లి ఎదురైతే వెనక్కి వచ్చి, కాసేపు కూర్చుని, గుక్కెడు మంచినీళ్ళు తాగి కదలడం మా వైపు అందరూ చేసేదే. మా అవ్వ చేసేది, మా అమ్మ చేసేది. మూఢనమ్మకమని నా ఇంట్లో నేను మాన్పించాను. కాని ఆ ఉదయం నా చెవికి తాకింది 'పోవాలె' అన్న మాట ఒక్కటే. సీసాలోంచి ఒక గుక్క కొలిచి ఇచ్చాను, సాయంత్రపు వాటాలో అంత తగ్గించవచ్చునని. ఆమె ఆ నీళ్ళను నోట్లో చాలాసేపు నిలుపుకుని మింగింది. తరువాత తానే నడిచి వెళ్ళి ఆటో ఎక్కింది.

అప్పటినుండి మేడ్చల్ పోయే ప్రతి ఉదయమూ పిల్లి ఎదురు రావడమే. దాని చాపల్యమనుకున్నాను. ఇంతలో ఆమె పాదాలు వాచాయని, నీళ్ళు ఎక్కువవుతున్నాయని వైద్యుడు నన్ను గట్టిగా మందలించాడు. ఆ తరువాతి ఉదయం పిల్లిని వెనక గదిలో పెట్టి గడియ వేశాను. ఆమె గడప దాకా వచ్చి, అటూ ఇటూ చూసి, తిరిగి పోయి కుర్చీలో కూర్చున్నది. ఈరోజు రానన్నది. చాలాసేపు వాదించాను. బయట ఆటో అతను ఇంజను ఆపేశాడు. తలుపు వెనక పిల్లి అరుస్తూనే ఉంది. చివరకు గడియ తీశాను.

అది గడప వైపు పోలేదు. ఆమె దగ్గరికి పోయి, వెనక కాళ్ళ మీద లేచి, కొంగు ముడిని గోళ్ళతో పట్టుకున్నది. ఆమె నా ఎదుటే ఆ ముడి విప్పి బిస్కెట్ ముక్క తీసి, గడప ముందు అవతలి మూలకు విసిరింది. పిల్లి అడ్డంగా పరుగెత్తింది.

ఇన్నాళ్ళూ నువ్వే రప్పిస్తున్నావా అన్నాను.

"అవు, నేనే."

నీళ్ళు కావాలంటే నన్నే అడగవచ్చును కదా అన్నాను.

"అడిగిన. అడిగినప్పుడల్ల మీరు ఆ గీతల గ్లాసు జూపెట్టిన్రు. పిల్లి ఎదురొస్తె అడుక్కునే పని లేదు. పరాయోళ్ళింట్లనన్న కూసోబెట్టి ఇస్తరు."

నేను లోపలికి పోయి నీళ్ళు తెచ్చాను.

ఇప్పుడు చలికాలం. పిల్లి పెద్దదై బద్ధకం నేర్చింది. బిస్కెట్‌కు కదలదు, కిటికీలో ఎండ పడేచోట పడుకుని ఉంటుంది. ఆమె నీళ్ళు వైద్యులు ఇంకా తగ్గించారు. మేడ్చల్ పోయే రోజున ఆమె తలుపు చెక్క పట్టుకుని గడప దగ్గర నిలబడుతుంది, పిల్లిని పిలవదు. నేనే పోయి దాన్ని రెండు చేతులా ఎత్తి, గడప ముందు ఒక పక్కన దింపి, వెనకనుండి మెల్లగా నెడతాను. అది విసుగ్గా ఈ పక్కనుండి ఆ పక్కకు నడిచిపోతుంది. ఆమె వెనక్కి వచ్చి కూర్చుంటుంది. కొలపాత్ర తీయకుండా ఆమె స్టీలు గ్లాసులోనే పోసి ఇస్తాను.

ఈ మధ్య ఆ గుక్కెడులోనూ సగం మిగులుతున్నది. గ్లాసు నా చేతికిచ్చి, "ఇగ పోదమా," అంటుంది. దాహం తగ్గిందా అని నేను అడగలేదు. మిగిలిన నీళ్ళను పిల్లి గిన్నెలో పోసి, తలుపు తాళం వేస్తాను.